42 కొండలు, ఒక చిన్నపేగు

ఇంగ్లండ్ వాయవ్య మూలనున్న కెస్విక్‌లో గెస్ట్‌హౌస్ నడుపుకునే బాబ్ గ్రాహమ్ 1932 జూన్ 13న ఊరి మధ్యలోని మూట్ హాల్ దగ్గర బయలుదేరాడు. చుట్టూ ఉన్న లేక్ డిస్ట్రిక్ట్ కొండల్లో 42 శిఖరాలు ఎక్కి దిగి, 23 గంటల 39 నిమిషాలకు మళ్లీ అక్కడికే చేరాడు. కాళ్లకు టెన్నిస్ బూట్లు, పొడుగు నిక్కరు, పైన పైజమా చొక్కా. దారిలో తిన్నవి రొట్టె, వెన్న, సగం ఉడికిన గుడ్డు, ఇంకా బోలెడన్ని పళ్లు, చప్పరించే మిఠాయిలు. అదే పని ఇంకొకరు చేయడానికి 28 ఏళ్లు పట్టింది. 1960లో అలన్ హీటన్ పూర్తిచేశాడు.

ఇప్పుడు దాన్ని 'బాబ్ గ్రాహమ్ రౌండ్' అంటారు. దాదాపు 106 కిలోమీటర్ల దూరం, మొత్తం 8,200 మీటర్ల ఎక్కుడు, 24 గంటల గడువు. దీనికి సిద్ధమయ్యేవాళ్లు కాళ్ల గురించి ఎంత ఆలోచిస్తారో తిండి గురించీ అంతే ఆలోచిస్తారు. ఆలోచించాలి కూడా.

ఎందుకో లెక్క వేద్దాం. సమతల నేల మీద పరుగెత్తితే కిలో బరువుకు, కిలోమీటరుకు ఇంచుమించు ఒక కిలోకాలరీ ఖర్చవుతుంది. 70 కిలోల మనిషికి 106 కిలోమీటర్లంటే 7,400. పైగా కొండలున్నాయి. 70 కిలోల బరువును 8,200 మీటర్లు పైకెత్తాలంటే భౌతికశాస్త్రం అడిగేది 1,350 కిలోకాలరీల లోపే. కానీ కండరం తాను ఖర్చుచేసే శక్తిలో పావు వంతునే పనిగా మార్చగలదు, మిగతాదంతా వేడిగా పోతుంది. కాబట్టి దానికి నాలుగింతలు వేసుకోవాలి. ఇది మోటు లెక్కే అయినా మొత్తం పదివేలు సునాయాసంగా దాటుతుంది. మామూలు మనిషి నాలుగైదు రోజుల భోజనం ఒక్క రోజులో కరిగిపోతుందన్నమాట.

నిల్వలు చూద్దాం. కండరాల్లోనూ కాలేయంలోనూ గ్లైకోజన్ రూపంలో ఉండే పిండిపదార్థం అంతా కలిపి అర కిలో, అంటే 2,000 కిలోకాలరీలు. కొవ్వుకు మాత్రం కరువు లేదు. ఒంట్లోని కిలో కొవ్వులో 7,700 కిలోకాలరీల దాకా ఉంటాయి, బక్కపలచటి పరుగువీరుడి దగ్గరా అలాంటి కిలోలు నాలుగైదు ఉంటాయి. చిక్కల్లా కొవ్వు నిదానంగా మండుతుంది. ఏటవాలు ఎక్కేటప్పుడు కండరానికి ఆ వేగం చాలదు. మెదడు మరీ పేచీకోరు, అది ప్రధానంగా గ్లూకోజునే అడుగుతుంది. కాలేయంలో నిల్వ అడుగంటితే రక్తంలో చక్కెర పడిపోయి శోష వస్తుంది. రాతి గట్టు మీద, పొగమంచులో దారి వెతుక్కుంటున్న మనిషికి రాకూడని స్థితి అది. ఈ సంగతి గ్రాహమ్ కంటే ముందే బోస్టన్ వైద్యులు పట్టుకున్నారు. 1924 మారథాన్‌లో సోలిపోయినవారి రక్తంలో చక్కెర బాగా తక్కువగా ఉందని చూసి, మరుసటి ఏడాది దారిలో మిఠాయి తినిపించారు, ఫలితం కనిపించింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఆ రోజుల్లో అదే బోస్టన్‌లో ఉన్నారు. కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీల మీద సైరస్ ఫిస్క్‌తో కలిసి 1927, 1929లలో ఆయన వెలువరించిన పరిశోధనలు లేకుండా ఈ కథ చెప్పలేం. తిన్న మిఠాయిలోని శక్తి కండరానికి చివరికి అందేది ఆ ఏటీపీ రూపంలోనే.

నిల్వ తక్కువైతే తింటూ పోతే సరిపోతుంది కదా? అసలు మెలిక ఇక్కడే ఉంది. నోటికి, పొట్టకు అభ్యంతరం లేకపోయినా చిన్నపేగు ఒప్పుకోదు. గ్లూకోజును పేగు గోడ దాటించే ప్రోటీన్ పేరు ఎస్‌జీఎల్‌టీ1. గంటకు 60 గ్రాముల దగ్గర దాని సామర్థ్యం అయిపోతుంది. అంతకుమించి మింగిన గ్లూకోజు పేగులోనే ఉండిపోయి, నీటిని తనవైపు లాగి, కడుపు ఉబ్బరిస్తుంది, విరేచనాలూ పట్టుకోవచ్చు. ఫ్రక్టోజు లోపలికి పోయే తోవ వేరు. అందుకే రెండూ కలిపి తీసుకుంటే గంటకు 90 గ్రాముల దాకా వాడుకోవచ్చని తేలింది. నేటి ఖరీదైన జెల్ పొట్లాల వెనకున్న రహస్యం ఇంతే. మనం టీలో వేసుకునే పంచదారలో సగం గ్లూకోజు, సగం ఫ్రక్టోజు. అరటిపండులో రెండూ ఉంటాయి. గ్రాహమ్ జేబులోని పళ్లూ మిఠాయిలూ ఏ ప్రయోగశాలనూ అడక్కుండానే ఈ లెక్కకు దగ్గరగా వచ్చాయి. వెన్న సంగతే కాస్త అనుమానం, ఎందుకంటే కొవ్వు కడుపు ఖాళీ కావడాన్ని ఆలస్యం చేస్తుంది.

ఈ ఎస్‌జీఎల్‌టీ1 మనకు కొత్తదేమీ కాదు. ఒక గ్లూకోజు అణువుతో పాటు రెండు సోడియం అయాన్లను అది లోపలికి తీసుకుపోతుంది, వాటి వెంట నీళ్లూ వెళ్తాయి. ఈ జంట రవాణాను 1960లో రాబర్ట్ క్రేన్ వివరించాడు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధం నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులతో నిండిన బన్‌గావ్ శిబిరంలో కలరా ప్రబలినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనోబిస్ ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు తాగించి మరణాలను 30 శాతం నుంచి నాలుగు శాతం లోపుకు తెచ్చారు. ఇంట్లో పిల్లాడికి విరేచనాలైతే కలిపే ఓఆర్ఎస్ పొట్లమూ, కొండ మీద పరుగువీరుడి సీసాలోని పానీయమూ లోపలికి పోయే తోవ ఒక్కటే.

నీళ్ల విషయంలో భయం రెండు వైపులా ఉంది. దాహాన్ని పట్టించుకోకపోతే ఒక ముప్పు, దాహం లేకుండా తాగుతూ పోతే ఇంకొకటి. రక్తంలో సోడియం పలచబడితే తల నొప్పి, వికారం, మతి తప్పడం, మరీ ముదిరితే ప్రాణాపాయం. 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతానికి సోడియం తక్కువగా కనిపించింది. పరుగులో బరువు పెరిగినవాళ్లలోనే అది ఎక్కువ, అంటే చెమటగా పోయినదానికంటే వాళ్లు ఎక్కువ తాగారు. లేక్ డిస్ట్రిక్ట్ చల్లటి గాలిలో చెమట తక్కువ కాబట్టి అక్కడ ఇది మరింత గుర్తుంచుకోవాలి. ఆగస్టు ఉక్కలో హైదరాబాద్ మారథాన్ పరుగెత్తేవాళ్లు వాడే కొలత అక్కడ పనికిరాదు. దాహమైతే తాగడం, కాస్త ఉప్పున్న తిండి తినడం ఉత్తమం.

ఇక రుచి. కాగితం మీద గంటకు 60 గ్రాములు రాసుకోవడం తేలిక. పది గంటలు గడిచాక తీపి పేరు చెబితేనే డోకు వస్తుంది. గట్టిగా శ్రమిస్తున్నప్పుడు రక్తమంతా కాళ్లకూ చర్మానికీ మళ్లి, పేగులకు చేరేది బాగా తగ్గిపోతుంది. అలిగిన పేగు ముందు పోషక శాస్త్రం చెల్లదు. అందుకే అనుభవజ్ఞుల సంచుల్లో తీపితో పాటు ఉప్పు వేసి ఉడికించిన బంగాళాదుంపలు, జామ్ శాండ్‌విచ్, డబ్బా రైస్ పుడింగ్ ఉంటాయి. ఈ చివరిది మన పరమాన్నానికి చుట్టమే. నమలక్కర్లేదు, జారిపోతుంది. పక్కనే ఉన్న కెండల్ పట్టణపు మింట్ కేక్ కూడా ఉంటుంది. చక్కెర, గ్లూకోజు, పిప్పరమెంటు నూనె, అంతే. 1953లో హిల్లరీ, టెన్జింగ్ ఎవరెస్టు మీద తిన్నదీ అదే. బ్రిటన్‌లోని మన తెలుగువాళ్లు ఎవరైనా అడిగితే నేను పెరుగన్నానికి ఓటేస్తాను: మెత్తన, ఉప్పన, చల్లన. పులిహోర ఉప్పూ పులుపూ రుచికి బాగుంటుంది గానీ, నూనె తగ్గించి, పోపులో పప్పులు మానేసి కలుపుకోవాలి. పల్లీపట్టీ ఇంట్లోనే ఉంచండి. ఎండిన నోటితో ఎదురుగాలిలో దాన్ని నమలడం ఒక శిక్ష.

పేగునూ సాధనతో మార్చవచ్చు. వారాల తరబడి పరుగులో పిండిపదార్థాలు తీసుకుంటూ ఉంటే పొట్ట ఆ మోతాదుకు అలవాటుపడుతుంది. రౌండ్ రోజున కొత్త తిండి తొలిసారి తినకూడదనడం అందుకే. కాఫీకీ ఇదే మాట. కెఫీన్ సగం తగ్గడానికి దాదాపు ఐదు గంటలు పడుతుంది గనక, సాయంత్రమే తాగేయకుండా తెల్లవారుజామున రెప్పలు వాలే వేళకు దాచుకోవడం మేలు.

ఈ తిండి పరీక్ష జరిగేది ఎక్కువగా వాస్‌డేల్‌లో. ఇంగ్లండ్‌లోకెల్లా ఎత్తైన స్కాఫెల్ పైక్ దాటి లోయలోకి దిగిన చాలామంది అక్కడే విరమించుకుంటారు. స్నేహితులు టీ, సూప్ పట్టుకుని నిలబడి ఉంటారు, కూర్చోవడానికి కుర్చీ ఉంటుంది, ఎదురుగా యూబారో కొండ నిట్టనిలువుగా ఉంటుంది. తెలిసినవాళ్లు అక్కడ కడుపునిండా తినరు. నాలుగు గుక్కలు తాగి, మిగిలిన రైస్ పుడింగ్ చేత్తో పట్టుకుని ఎక్కుడు మొదలుపెడతారు. ఏటవాలులో ఎలాగూ నడకే కాబట్టి చెంచా ఆడించడానికి తీరిక దొరుకుతుంది.