చిత్రకళలో చైతన్యావిష్కరణ: ఆదోని నేపథ్యంలో బీజాపూర్ చిత్రాల పరిశీలన

1. ఉపోద్ఘాతం:

మనోభావానికి ఆకారం లేదు. ఆకారం లేనిదాన్ని రేఖలో, రంగులో చూపడం ఎలా అన్న ప్రశ్నను మన లాక్షణికులు రసచర్చలో భాగంగా పరిశీలించారు. తెలుగు విమర్శలో ఆ చర్చకు ఉదాహరణలు ఎక్కువగా కావ్యాల నుండే వచ్చాయి. సంజీవదేవ్ (1914-1999) 'రసరేఖ' వంటి రచనల ద్వారా దానిని చిత్రకళవైపు మళ్లించినవారిలో ముఖ్యులు. పశ్చిమ కర్నూలు ప్రాంతంలోని ఆదోనికి ఈ విషయంతో చారిత్రక సంబంధం ఉంది. దానిని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఆదోని నుండి బికనీర్‌కు:

తళ్లికోట యుద్ధం (1565) తరువాత ఆదోని దుర్గం బీజాపూర్ సుల్తానుల అధీనంలోకి వెళ్లింది. బీజాపూర్ రాజ్యంలో మంత్రిగా అధికారం చలాయించిన హబ్షీ ప్రభువు సిద్దీ మసూద్ 1683లో రాజధానిని విడిచి ఆదోనిలో స్థిరపడ్డాడు. పట్టణంలోని జుమ్మా మసీదు ఆయన కట్టించినదే. 1688లో మొగలు సైన్యం కోటను ముట్టడించినప్పుడు ఆయన మొదట లొంగలేదనీ, ఫిరంగులను మసీదు వైపు తిప్పగానే కోటను అప్పగించాడనీ ఐతిహ్యం. చరిత్రకారులు దీన్ని ఎంతవరకు అంగీకరిస్తారన్నది వేరే విషయం. ఒక కట్టడం మనిషి మనస్సులో ప్రాణంతో సమానమైన స్థానం పొందగలదని ఈ ప్రాంత ప్రజలు నమ్మారన్నది మాత్రం స్పష్టం.

అనంతరం బికనీర్ పాలకుడు అనూప్ సింగ్ మొగలుల తరఫున ఆదోని అధికారిగా ఉండి, 1698లో ఇక్కడే మరణించాడు. ఆయన గ్రంథప్రియుడు, సంగీతప్రియుడు. బీజాపూర్ చిత్రాలు బికనీర్ సంగ్రహానికి చేరడానికి ఆయన దక్కను కొలువు ఒక ముఖ్య కారణం. రుక్నుద్దీన్ మొదలైన బికనీర్ చిత్రకారుల పనిలో దక్కను ఛాయలు కనిపించడం దీని ఫలితమే.

3. యోగిని, గోరువంక:

బీజాపూర్ చిత్రకళ ఏ స్థాయిలో అంతరంగాన్ని పట్టుకున్నదో తెలుసుకోవడానికి 17వ శతాబ్ది తొలి సంవత్సరాలకు చెందిన ఒక చిత్రం చాలు. అది ప్రస్తుతం డబ్లిన్‌లోని చెస్టర్ బీటీ గ్రంథాలయంలో ఉంది. అది ఆదోని నుండి వెళ్లిందని ఇక్కడ ప్రతిపాదించడం లేదు. ఆ సంప్రదాయానికి ప్రతినిధిగా మాత్రమే స్వీకరించడం జరిగింది.

చిత్రంలో ఒక యోగిని నిలబడి ఉంది. ఒంటినిండా విభూతి, నెత్తిన ముడివేసిన జుట్టు, వాటితోపాటే విలువైన ఆభరణాలు, పైట వంటి బంగారు వస్త్రాలు. చేతిమీద గోరువంకను ముఖానికి దగ్గరగా పట్టుకుంది. వెనుక ఎక్కడో తెల్లని రాజభవనం. ఇరుపక్కలా లోకంలో ఎక్కడా ఉండనంత పెద్ద పూలు. భవనం చిన్నదై, పువ్వు పెద్దదైన ఈ కొలతను చిత్రకారుని పొరపాటుగా భావించకూడదు. విడిచివచ్చిన లోకం దూరమైంది, ఎదుట ఉన్నది ధ్యాసనంతా ఆక్రమించింది. కంటికి కనిపించే పరిమాణాన్ని కాక, మనస్సుకు తోచే పరిమాణాన్ని చిత్రకారుడు గీశాడు.

యోగిని చూపు పక్షి మీదనే ఉంది, ప్రేక్షకుని వైపు లేదు. పాలవేకరి కదిరీపతి 'శుకసప్తతి'లో చిలుక మాట్లాడుతుంది. కథ నడవడానికి ఆ మాటలే ఆధారం. ఇక్కడ గోరువంక మాట వినిపించదు. ఆ సంభాషణను పూరించవలసినది చూసేవారి మనస్సే. ఇ.హెచ్. గోంబ్రిచ్ 1960లో ప్రకటించిన 'ఆర్ట్ అండ్ ఇల్యూజన్'లో ప్రేక్షకుని వంతు అని చర్చించినది ఇటువంటి స్థితినే. భారతీయ అలంకారశాస్త్రంలోని సహృదయుని భావన దీనికి దగ్గరిది.

4. చిత్రసూత్రం, నవరసాలు:

విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం కన్నుల ఆకారాలను ఐదుగా చెప్పింది. ధ్యానంలో ఉన్నవారికి ధనుస్సు వంటి కన్ను, స్త్రీలకు, కాముకులకు చేప పొట్ట వంటిది, నిర్వికారులకు కలువరేకు వంటిది. భయానికి, రోదనానికి తామరరేకు, కోపానికి, వేదనకు మరొక ఆకారం. అంటే మనోస్థితి మారితే రేఖ మారాలి. తొమ్మిది రసాలనూ చిత్రానికి అన్వయించిన గ్రంథమిది. బీజాపూర్ చిత్రకారుడు దీన్ని చదివి ఉండనక్కరలేదు. రెండవ ఇబ్రహీం ఆదిల్ షా (పాలన 1580-1627) తన దక్కనీ గీతాల సంపుటికి 'కితాబ్-ఎ-నౌరస్' అని పేరు పెట్టి, అందులో సరస్వతిని, గణపతిని స్తుతించాడు. రసం అనే మాట ఆ ఆస్థానానికి పరాయిది కాదు.

5. ఎమ్మిగనూరు మగ్గం:

ఆదోనికి సమీపంలోని ఎమ్మిగనూరులో దృశ్యకళ మరో రూపంలో నిలిచింది. 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘం ఈ ఊరికి పేరు తెచ్చింది. చిత్రకారుడు తన చిత్రాన్ని దూరం జరిగి మొత్తంగా చూసుకోగలడు. నేతగానికి ఆ వీలు లేదు. నేసినంత మేర చుట్టుకుపోతుంటే, పడుగు పేకల లెక్కలో పూర్తి నమూనాను మనస్సులోనే నిలుపుకోవాలి. చైతన్యానికీ దృశ్యానికీ గల సంబంధాన్ని పరిశోధించేవారికి ఇది చిత్రశాలకు తీసిపోని ఆధారం. బికనీర్, డబ్లిన్ సంగ్రహాలను ఈ ప్రాంత విద్యార్థులు అచ్చుబొమ్మల్లోనే చూడవలసి ఉంటుంది. మగ్గం గుంట మాత్రం ఊళ్లోనే ఉంది.