వెదకు యంత్రములో ముందు చోటు

‘మధుమేహము’ అని అంతర్జాలములో వెదకినచో లక్షలాది పుటలు దొరకును. వానిలో ఏది ముందు కనిపించవలెను? తొలినాళ్ళ వెదకు యంత్రములు పుటలో ఆ మాట ఎన్ని మారులు వచ్చెనో ముఖ్యముగా లెక్కించెడివి. అందుచే కొందరు యజమానులు ఆ మాటనే పదేపదే వ్రాసి ముందుకు వచ్చిరి.

1998లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమునకు చెందిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ మరియొక కొలతను ప్రకటించిరి. ఒక పుట మరియొక పుటకు లంకె ఇచ్చుట సాక్ష్యము పలుకుట వంటిది. విలువగల పుట పలికిన సాక్ష్యమునకు బరువెక్కువ. కాని అది నూరు లంకెలు ఇచ్చినచో ఆ బరువు నూరు పాళ్ళగును. నేడు గూగుల్ ఈ కొలతతోపాటు ఇతర లక్షణములను గూడ పరిశీలించును. కనుక ఉపయోగకరమైన విషయమును స్పష్టమైన శీర్షికతో వ్రాయుటయే యజమానికి మేలైన మార్గము.

సొమ్ముతో చోటు పొందుట వేరు. 2000లో గూగుల్ ప్రకటనల పథకమును ప్రారంభించెను. ఇందు మాటలకు వేలము జరుగును; సాధారణముగా ప్రకటనను నొక్కినపుడే రుసుము చెల్లింతురు. హెచ్చు పాట ఒక్కటే చాలదు, నాణ్యతను గూడ లెక్కింతురు. స్థూలముగా చెప్పినచో, 10 రూపాయల పాటకు నాణ్యత 2 అయిన 20. 6 రూపాయల పాటకు నాణ్యత 4 అయిన 24. రెండవదే పైన నిలుచును.

ప్రకటనలను విడిగా గుర్తించి చూపవలెనని 2002లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వెదకు సంస్థలకు సూచించెను. కావున మధుమేహమును గూర్చి వెదకువాడు, ముందు కనిపించిన పుట సాక్ష్యముచే వచ్చినదా, సొమ్ముచే వచ్చినదా అని ‘స్పాన్సర్డ్’ అను గుర్తును చూచి తెలిసికొనవలెను.