క్రిస్మస్ కథ: సువార్తల్లో ఉన్నదేమిటి? తర్వాత చేరినదేమిటి?

డిసెంబరు మాసం వచ్చిందంటే చర్చి ప్రాంగణాల్లోనూ ఇళ్ల ముంగిళ్లలోనూ యేసు జనన దృశ్యాన్ని చూపే బొమ్మలు కొలువుదీరుతాయి. గడ్డి కప్పిన పాక, తొట్టిలో శిశువు, పక్కనే ఎద్దు, గాడిద, ఒకవైపు గొర్రెల కాపరులు, మరోవైపు కిరీటాలు ధరించిన ముగ్గురు రాజులు, పైన నక్షత్రం. ఈ దృశ్యం ఎంతగా అలవాటైనదంటే, ఇదంతా యథాతథంగా బైబిలులో ఉన్నదేనని చాలామంది భావిస్తారు. కానీ ముగ్గురు రాజులు, తలుపు మూసిన సత్రం యజమాని, మరియ ఎక్కి వచ్చిన గాడిద, డిసెంబరు 25 అనే తేదీ, వీటిలో ఏ ఒక్కటీ సువార్తల్లో లేదు.

ఇందుకు పూర్తిగా భిన్నమైన వాదన కూడా ఏటా ఈ రోజుల్లో సామాజిక మాధ్యమాల్లో చక్కర్లు కొడుతుంది. క్రిస్మస్ అంటే రోమన్ల సూర్యారాధన పండుగకు పేరు మార్చి పెట్టినదేనని ఆ వాదన సారాంశం. చారిత్రక ఆధారాలను పరిశీలిస్తే అదీ అంత నిశ్చయంగా చెప్పదగినది కాదు.

రెండు కథనాలు, ఒకే బొమ్మల కొలువు

బైబిలులోని నాలుగు సువార్తల్లో యేసు జననాన్ని వర్ణించేవి మత్తయి, లూకా సువార్తలు మాత్రమే. మార్కు సువార్త ఆయన బాప్తిస్మంతో ప్రారంభమవుతుంది. యోహాను సువార్తలోనూ జనన వృత్తాంతం లేదు.

వర్ణించిన ఇద్దరూ కూడా ఒకే కథను చెప్పలేదు. చక్రవర్తి ఔగుస్తు ఆజ్ఞ మేరకు జరిగిన ప్రజాసంఖ్య, నజరేతు నుంచి బేత్లెహేముకు ప్రయాణం, పశువుల తొట్టి, దేవదూతలు, గొర్రెల కాపరులు లూకా కథనంలో ఉన్నారు. నక్షత్రం, తూర్పు దేశపు జ్ఞానులు, హేరోదు రాజు, శిశువధ, ఐగుప్తుకు పలాయనం మత్తయి కథనంలో ఉన్నాయి. లూకాలోని కాపరులు నక్షత్రాన్ని చూడలేదు. మత్తయిలోని జ్ఞానులు తొట్టిని చూడలేదు. వారు ఒక 'ఇంటి'లోకి వెళ్లి తల్లితో ఉన్న శిశువును చూశారని మత్తయి స్పష్టంగా పేర్కొన్నాడు. ఈ రెండు వృత్తాంతాలను ఒకే రాత్రికి, ఒకే పాకకు చేర్చినవి తరువాతి కాలపు చిత్రాలు, నాటకాలు, పాటలే.

సత్రం యజమాని ఎవరు?

క్రిస్మస్ నాటికల్లో తప్పనిసరిగా కనిపించే పాత్ర సత్రం యజమాని. నిండు గర్భిణి వాకిట నిలబడి ఉండగా చోటు లేదని తలుపు వేసేస్తాడు. లూకా సువార్తలో ఈ మనిషి లేడు, ఈ సంభాషణా లేదు. మరియ, యోసేపు బేత్లెహేము చేరిన రాత్రే ప్రసవం జరిగిందని కూడా లూకా చెప్పలేదు. వారు అక్కడ ఉన్న కాలంలో ప్రసవదినాలు నిండాయని మాత్రమే రాశాడు.

ఈ అపోహకు మూలం ఒక పదం. తెలుగు బైబిలు 'సత్రము' అని అనువదించిన చోట లూకా వాడిన గ్రీకు మాట 'కతాలుమ'. దీనికి బస, అతిథుల గది అనే అర్థాలున్నాయి. యేసు తన శిష్యులతో కడపటి రాత్రి భోజనం చేయవలసిన గదిని గురించి చెప్పేటప్పుడు కూడా లూకా ఇదే మాటను వాడాడు. మంచి సమరయుని కథలో గాయపడిన బాటసారిని చేర్చిన నిజమైన పూటకూటి సత్రానికి మాత్రం 'పాండొకేయోన్' అనే వేరే మాట ఉపయోగించాడు. అందువల్ల బేత్లెహేములో చోటు లేనిది బంధువుల ఇంటి అతిథి గదిలోనే అయి ఉండవచ్చునని పలువురు బైబిలు పండితులు అభిప్రాయపడుతున్నారు. ఆంగ్ల అనువాదాల్లో విరివిగా చదివే న్యూ ఇంటర్నేషనల్ వెర్షన్ 2011 నాటి సవరణలో 'సత్రం' అనే మాటను తొలగించి 'అతిథి గది' అనే అర్థాన్నిచ్చే మాటను చేర్చింది.

అయితే తొట్టి ఎక్కడిది? ఆనాటి పాలస్తీనా పల్లె ఇళ్లలో రాత్రివేళ పశువులను ఇంటి లోపలే, కాస్త పల్లంగా ఉన్న భాగంలో కట్టేయడం వాడుక. మనుషులు ఉండే ఎత్తైన భాగం అంచున మేత తొట్టి ఉండేది. రాయలసీమలోని పాత మట్టిమిద్దెల్లో పశువులకు ఇంట్లోనే ఒక పక్క చోటు ఉండేదని ఎరిగిన తెలుగు పాఠకులకు ఇది వింతగా తోచదు. బేత్లెహేము కొండ ప్రాంతం కావడంతో గుహలను కూడా నివాసాలుగా, కొట్టాలుగా వాడేవారు. యేసు గుహలో జన్మించాడనే సంప్రదాయం 2వ శతాబ్దంలోనే ఉంది. నేడు బేత్లెహేములోని జనన దేవాలయం అటువంటి గుహ మీదనే నిలిచి ఉంది. 4వ శతాబ్దంలో కాన్‌స్టంటైన్ కాలంలో తొలుత నిర్మించిన ఈ దేవాలయాన్ని యునెస్కో 2012లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ చర్చ కేవలం పదాలకు సంబంధించినది కాదు. శతాబ్దాలుగా బేత్లెహేము ప్రజలు గర్భిణిని గెంటివేసిన కఠినాత్ములుగా ప్రసంగాల్లో, నాటకాల్లో నిలిచిపోయారు. మూలకథనంలో వారిపై అటువంటి నింద లేదు. కిక్కిరిసిన ఇంట్లో ఉన్న చోటులోనే సర్దుకున్న సామాన్య కుటుంబం కథ అది.

రాజులు కాదు, ముగ్గురని లేదు

మత్తయి చెప్పిన 'జ్ఞానులు' రాజులు కారు. ఆయన వాడిన గ్రీకు మాట 'మాగోయ్' పారశీక పురోహితులకు, నక్షత్రాలను పరిశీలించి ఫలం చెప్పేవారికి వాడుకలో ఉండేది. వారు ఎందరో కూడా ఆయన చెప్పలేదు. బంగారం, సాంబ్రాణి, బోళం అనే మూడు కానుకలను బట్టి మనుషులూ ముగ్గురేనని తరువాతివారు ఊహించారు. కొన్ని సిరియా సంప్రదాయాల్లో వారి సంఖ్య పన్నెండు. ఇటలీలోని రవెన్నా నగరపు దేవాలయంలో గల 6వ శతాబ్దపు గోడచిత్రంలో పారశీక వేషధారణతో ముగ్గురు కనిపిస్తారు. గాస్పర్, మెల్కియోర్, బల్తజార్ అనే పేర్లు కాలక్రమేణా స్థిరపడినవే. వారిలో ఒకరిని భారతదేశపు రాజుగా చెప్పే సంప్రదాయం కూడా ఉంది.

జ్ఞానులకు కిరీటాలు పెట్టడంతో మత్తయి కథలోని ఒక ముఖ్యమైన వైరుధ్యం మరుగున పడింది. ఆయన కథలో రాజు ఒక్కడే, హేరోదు. దూరదేశాల నుంచి వచ్చిన పరాయివారు శిశువును గౌరవిస్తే, సొంత గడ్డ మీది రాజు రెండేళ్లలోపు మగపిల్లలను చంపమని ఆజ్ఞాపిస్తాడు. తల్లిదండ్రులు బిడ్డను తీసుకుని రాత్రివేళ సరిహద్దు దాటి ఐగుప్తులో తలదాచుకుంటారు. పండుగ బొమ్మల్లో అరుదుగా కనిపించే ఈ పలాయనం మత్తయి కథనంలో కీలక ఘట్టం.

డిసెంబరు 25 ఎలా వచ్చింది?

యేసు పుట్టిన రోజును గాని, నెలను గాని సువార్తలు తెలుపవు. డిసెంబరు 25ను పేర్కొన్న తొలి స్పష్టమైన ఆధారం 354లో రోమ్‌లో కూర్చిన ఒక పంచాంగ సంకలనంలో లభిస్తుంది. అందులోని ఆ భాగం 336 నాటిదని చరిత్రకారుల అంచనా.

రోమన్ చక్రవర్తి ఆరేలియన్ 274లో 'అజేయ సూర్యుని'కి ఆలయం ప్రతిష్ఠించాడు. ఆ దేవుని పుట్టినరోజునే క్రైస్తవులు తమ పండుగగా మార్చుకున్నారనే సిద్ధాంతం ప్రచారంలో ఉంది. అయితే సూర్యుని పండుగను డిసెంబరు 25తో స్పష్టంగా ముడిపెట్టే తొలి ఆధారం కూడా 354 నాటి ఆ సంకలనమే. రెండూ ఒకే పత్రంలో తొలిసారి కనిపిస్తున్నప్పుడు ఎవరి నుంచి ఎవరు గ్రహించారో తేల్చడం సులభం కాదు. ఇక తరచుగా ప్రస్తావనకు వచ్చే శాటర్నేలియా ఉత్సవాలు డిసెంబరు 17న ఆరంభమై 23 నాటికి ముగిసేవి.

మరో వివరణ లెక్కకు సంబంధించినది. యేసు సిలువ మరణం మార్చి 25న జరిగిందని పాశ్చాత్య క్రైస్తవులు కొందరు లెక్కగట్టారు. ఆయన గర్భంలో పడినదీ అదే తేదీన అని విశ్వసించారు. అక్కడి నుంచి తొమ్మిది నెలలు లెక్కిస్తే డిసెంబరు 25 వస్తుంది. 5వ శతాబ్దపు రచయిత అగస్టీన్ ఈ లెక్కను ప్రస్తావించాడు. ఈ రెండు వివరణల్లో ఏది సరైనదనే విషయమై పండితుల మధ్య ఏకాభిప్రాయం లేదు.

సంవత్సరం విషయంలోనూ సర్దుబాటు అవసరమే. 525లో డయోనిసియస్ ఎగ్జిగువస్ అనే సన్యాసి క్రీస్తుశకాన్ని లెక్కగట్టాడు. కానీ హేరోదు రాజు క్రీ.పూ. 4లోనే మరణించాడని ఎక్కువమంది చరిత్రకారుల అభిప్రాయం. అందువల్ల యేసు జననాన్ని సాధారణంగా క్రీ.పూ. 6, 4 సంవత్సరాల మధ్య ఉంచుతారు.

చెట్టు, తాత, ఒక అక్షరం

క్రిస్మస్ చెట్టు ప్రాచీన అన్యమతాచారమని చెప్పడానికి గట్టి ఆధారాలు లేవు. నేటి రూపంలోని అలంకరించిన చెట్టు రైన్ నదీ ప్రాంతపు జర్మన్ భాషీయుల ఇళ్లలో వ్యాపించింది. స్ట్రాస్‌బర్గ్‌లో కాగితపు పూలు, ఆపిల్ పండ్లతో చెట్లను అలంకరించిన సంగతి 1605 నాటి రచనలో ఉంది. విక్టోరియా రాణి కుటుంబం చెట్టు చుట్టూ నిలిచిన చిత్రం 1848లో లండన్ పత్రికలో అచ్చయిన తరువాత ఈ ఆచారం ఆంగ్లేయుల్లో విస్తృతమైంది.

క్రిస్మస్ తాతకు మూలపురుషుడు 4వ శతాబ్దపు మైరా నగర బిషప్ నికొలస్. ఆ ఊరు నేటి తుర్కియేలో ఉంది. తాతకు ఎర్రదుస్తులు తొడిగింది కోకాకోలా అన్నదీ అపోహే. ఆ సంస్థ ప్రసిద్ధ ప్రకటనలు 1931లో మొదలయ్యాయి. ఎర్రని దుస్తుల తాత అంతకు ముందే అమెరికా పత్రికల్లో కనిపించాడు.

'ఎక్స్‌మస్' అని రాయడం క్రీస్తు పేరును తొలగించే ఎత్తుగడ అన్న ఆరోపణ కూడా నిలవదు. అందులోని 'ఎక్స్' నిజానికి గ్రీకు అక్షరం 'ఖీ'. గ్రీకు భాషలో 'క్రీస్తు' అనే మాటకు అది మొదటి అక్షరం. ప్రాచీన క్రైస్తవులే దానిని సంక్షిప్త రూపంగా వాడారు.

ఒకే ఊరు, మూడు తేదీలు

తేదీ గురించిన వాదనకు బేత్లెహేము ఊరే ఒక సమాధానం. అక్కడి జనన దేవాలయాన్ని గ్రీకు ఆర్థడాక్స్, రోమన్ కేథలిక్, ఆర్మీనియన్ సంఘాలు పంచుకుంటాయి. కేథలిక్కులకు పండుగ డిసెంబరు 25న. పాత జూలియన్ పంచాంగాన్ని అనుసరించే గ్రీకు ఆర్థడాక్స్‌లకు అదే డిసెంబరు 25 మన లెక్కలో జనవరి 7న వస్తుంది. జనవరి 6ను పాటించే ఆర్మీనియన్లు అదే పాత పంచాంగం ప్రకారం జనవరి 19న జరుపుకొంటారు. తేదీ వేరైనా మూడు సంఘాల భక్తులు మోకరిల్లేది ఆ ఒక్క గుహలోనే.