మరల పలికిన ట్యూనరు

మన ఇంటి పైకప్పు మీదుగా ప్రతిక్షణమును ఎన్నో రేడియో తరంగములు సాగిపోవుచుండును. అవి కంటికి కానరావు, చెవికి వినరావు. ఆ గుంపులో మనకు కావలసిన ఒక్క కేంద్రమును ఎన్నుకొని, తక్కినవానిని త్రోసివేయు సాధనమునకు ట్యూనరు అని పేరు. మామూలు రేడియోలో ట్యూనరు, ధ్వనిని పెంచు ఆంప్లిఫయరు, లౌడుస్పీకరు ఒకే పెట్టెలో ఉండును. మేలైన ధ్వనిని కోరు సంగీతప్రియులు ఈ మూడింటిని వేర్వేరుగా కొనుచుండిరి. 1960ల నడుమ అమెరికాలో వెలువడిన మరాంట్జ్ 10బి ఇట్టి మేలి ట్యూనరు. గాజు వాల్వులతో పనిచేయు ఆ పెట్టెలో, కేంద్రము సరిగా కుదిరినదో లేదో గీత రూపమున చూపు చిన్న తెర కూడ కలదు.

ట్యూనరు పనిచేయు తీరు తెలిసికొనుటకు వీణను తలచుకొందము. రెండు తీగెలను ఒకే శ్రుతికి బిగించి ఒకదానిని మీటినచో, రెండవదియు దానంతట అదియే కంపించును. తీగచుట్టయు కండెన్సరును కలిసిన విద్యుద్వలయమునకు కూడ ఇట్లే ఒక శ్రుతి కలదు. మనము మర త్రిప్పినపుడు ఆ శ్రుతి మారును. దానికి సరిపడు తరంగము మాత్రమే బలముగా నిలుచును.

1918లో ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఈ పద్ధతికి మెరుగులు దిద్దెను. వచ్చిన తరంగముతో పెట్టెలోనే పుట్టించిన మరియొక తరంగమును కలిపి, ఆ రెంటి భేదమును గ్రహించుట ఆయన ఉపాయము. 100 మెగాహెర్ట్స్‌పై పలుకు ఎఫ్.ఎం. కేంద్రమును వినవలెనన్నచో ట్యూనరు తనలో 110.7 మెగాహెర్ట్స్ తరంగమును పుట్టించును. భేదము 10.7. కేంద్రము 95 వద్ద ఉన్నచో 105.7ను పుట్టించును. భేదము మరల 10.7 మాత్రమే. కేంద్రము ఏదైనను భేదము మారదు గనుక, లోపలి వలయములను ఆ ఒక్క సంఖ్యకే శ్రుతి చేసియుంతురు. ఆ శ్రుతి చెడినచో ట్యూనరు చెడినట్లే.

ఆకాశవాణి కేంద్రములు మద్రాసులో 1938లోను, విజయవాడలో 1948లోను, విశాఖపట్నములో 1963లోను వెలసినవి. ఆ నాళ్ళలో తెలుగు ఇండ్లలోనికి వచ్చిన రేడియోలలో కొన్ని నేటికిని అటకలపై దుమ్ము పట్టియున్నవి. కంచిలి, సోంపేట, కవిటి మొదలగు ఉద్దానపు ఊళ్ళలో దుమ్ముకు తోడు సముద్రపు తేమ కూడ కలదు. కొబ్బరితోటకు హితమైన గాలి రేడియోకు హితము కాదు. మరల అంచులకు చిలుము పట్టును. తీగలపై రబ్బరు పగులును. కండెన్సర్లలోని తడి ద్రవము ఏండ్లు గడచిన కొలది ఎండిపోవును.

ఇట్టి పెట్టెను అటకనుండి దింపి వెంటనే కరెంటుకు తగిలించుట ప్రమాదము. ఎండిన కండెన్సరు ప్రేలవచ్చును. వాల్వు పెట్టెలలో వందల వోల్టుల విద్యుత్తు ఉండును. కరెంటు తీసివేసిన పిదప కూడ అది కండెన్సర్లలో కొంతసేపు నిలిచియుండును. కావున పిల్లలు దానిని విప్పరాదు. పని తెలిసినవాడు ముందుగా చెడిన కండెన్సర్లను మార్చును, స్విచ్చులను శుభ్రపరచును, కడపట తగిన పరికరములతో శ్రుతిని సరిచేయును. పరికరములు లేక కేవలము చెవిని నమ్మి లోపలి మరలను త్రిప్పినవాడు బాగుగా ఉన్నదానిని కూడ చెరచును.

బాగుచేసిన పిదప అమ్మకము. ఇచటనే అమ్మువాని గుణము తెలియును. పలాస జీడి బజారును చూడుడు. అచట గుండు పప్పునకు ఒక ధర, బద్దకు మరియొక ధర. బద్దను బద్ద యని చెప్పి అమ్ముటలో తప్పు లేదు. గుండులో కలిపి అమ్ముటయే తప్పు. పాత ట్యూనరు కొనువాడు సాధారణముగా దూరపు పట్టణమున ఉండును. పెట్టెను విప్పి చూచు వీలు అతనికి లేదు. అతడు కొనునది అమ్మువాని మాటను.

కావున ఆ మాటలో కొన్ని విషయములు తప్పక ఉండవలెను. ఏ భాగములు మార్చితిమి? ఏవి మొదటినుండి ఉన్నవి? పైచెక్కకు కొత్త మెరుగు పెట్టితిమా? ఏ లోపము ఇంకను మిగిలియున్నది? పాట వినుటకు ఆంప్లిఫయరు, స్పీకరు వేరుగా కావలెనని కూడ చెప్పవలెను. లేనిచో తెలియనివాడు పెట్టె తెచ్చుకొని, దీపము వెలిగినను పాట వినరాక చింతించును. ఏ దేశపు వస్తువో చెప్పుట మరియు ముఖ్యము. అమెరికా ట్యూనరు 120 వోల్టులకు, జపాను ట్యూనరు 100 వోల్టులకు చేయబడినది. మన 230 వోల్టులకు నేరుగా తగిలించినచో కాలిపోవును. అంతేకాక జపానులో ఎఫ్.ఎం. ప్రసారములు చిరకాలము 76 మొదలు 90 మెగాహెర్ట్స్ వరకే సాగినవి. మన ఎఫ్.ఎం. కేంద్రములు 87.5 మొదలు 108 వరకు వ్యాపించియున్నవి. ఆ దేశీయుల కొరకు చేసిన పాత ట్యూనరు ఎంత మేలైనదైనను, ఇచట చాల కేంద్రములను పలికింపజాలదు.

ఇన్ని చెప్పినచో ధర తగ్గదా యని కొందరు అడుగుదురు. ఒక్కొక్కప్పుడు తగ్గును. కాని మార్చిన కండెన్సర్లు దోషము కావు. అవి ఆ పెట్టెకు రక్ష. వానిని దాచి, అన్నియు పాతవే యని చెప్పినవాడు మేలును కూడ దోషముగా మార్చుకొనును. చెప్పిన వర్ణనకు వస్తువు సరిపోవలెనని 1930 నాటి వస్తువిక్రయ చట్టము కూడ శాసించుచున్నది. అయినను మంచి వర్తకుడు చట్టమునకు వెరచి నిజము చెప్పడు. తన చేతి పనియందు తనకు గౌరవము ఉన్నందున చెప్పును. ట్యూనరును 10.7కు శ్రుతి చేసినంత శ్రద్ధగా, తన మాటను నిజమునకు శ్రుతి చేయును.