జీడిమామిడి పండు: ఎవరికి మేలు, ఎవరికి కీడు



ఎండలు ముదిరాయంటే పలాస, మందస, వజ్రపుకొత్తూరు వైపు జీడితోటల్లో ఒకటే సందడి. పిక్కను తెంపి గోనెలో వేసుకుంటాం, పండును చెట్టు కిందే వదిలేస్తాం. మర్నాటికి అక్కడ ఈగలు, పులిసిన వాసన. పిక్క కంటే పండు ఎన్నో రెట్లు బరువు గనుక, 80 కిలోల పిక్కల బస్తా ఒకటి నిండేసరికి కనీసం నాలుగైదు క్వింటాళ్ల పండు మట్టిపాలైనట్టే.

ఈ చెట్టును 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు బ్రెజిల్ నుండి మన దేశానికి తెచ్చారు. బ్రెజిల్‌లో ఈ పండు రసం ఇంటింటా తాగుతారు. గోవాలో దీనితో సారా కాస్తారు, ఆ సంగతి మనకు వద్దు! పండులో విటమిన్ సి చాలా ఎక్కువ. నారింజ కంటే సుమారు నాలుగు రెట్లు ఉంటుంది. తోటకూర, మునగాకు వంటి వాటిలోని ఇనుమును ఒంటికి పట్టించేది ఈ విటమినే. రక్తం తక్కువగా ఉన్న గర్భిణులకు, ఎదిగే ఆడపిల్లలకు భోజనంతో పాటు కొద్దిగా ఇవ్వవచ్చు. అంతమాత్రాన మేమిచ్చే ఐరన్ మాత్రలు మానకూడదు.

"గొంతు పట్టేస్తుంది సిస్టరమ్మా" అంటారు చాలామంది. నిజమే, అది పండులోని వగరు. దాన్ని తీయడం కష్టం కాదు. తాజా పండ్లు కడిగి, పిక్క తీసేసి, రసం పిండి గుడ్డతో వడకట్టండి. అందులో చల్లారిన పలుచని అన్నం గంజి కలిపి కాసేపు కదపకుండా ఉంచండి. వగరు గంజితో పాటు అడుగుకు చేరుతుంది. పైన తేరిన రసం వంచుకొని, కాస్త పంచదార కలిపి వెంటనే తాగాలి. నిలవ ఉంచితే పులుస్తుంది. కూర చేయాలంటే ముక్కలను ఉప్పు నీటిలో ఉడికించి, నీరు పారబోసి, పనసపొట్టుకు పెట్టినట్టే ఆవ పెట్టి చూడండి. ఉడికిస్తే విటమిన్ కొంత పోతుంది, రుచి మాత్రం బాగుంటుంది. బట్టల మీద రసం పడనీయకండి, ఆ మరక వదలదు. రాత్రంతా నేల మీద పడి ఉన్నవి, గబ్బిలాలు కొరికినవి అసలు వద్దు.

షుగరు ఉన్నవారు రసం మాని, చిన్న పండు ఒకటి తింటే చాలు.

ఇక ముఖ్యమైన మాట. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు లేని ఊరు వెతకాలి. ఆ జబ్బు ఉన్నవారు, డయాలసిస్ చేయించుకునేవారు ఈ రసం తాగవద్దు. ఎక్కువైన విటమిన్ సి ఒంట్లో కొంత ఆక్సలేట్‌గా మారుతుంది. దాన్ని బయటకు పంపవలసినది కిడ్నీయే. దెబ్బతిన్న కిడ్నీ పంపలేదు, అది అక్కడే పేరుకొని ఇంకా పాడుచేస్తుంది. జీడిపప్పులో పొటాషియం, ఫాస్ఫరస్ కూడా ఎక్కువ. రక్తంలో పొటాషియం పెరిగితే గుండె ఉన్నట్టుండి ఆగిపోవచ్చు. ఫలానా పసరు, ఫలానా పండు రసం కిడ్నీలను కడిగేస్తుందని ఎవరు చెప్పినా నమ్మకండి. క్రియాటినిన్ పరీక్ష చేయించుకొని, ఏది తినవచ్చో డాక్టరుగారిని అడగండి.

పిల్లల సంగతి మరొకటి. పచ్చి పిక్కను పళ్లతో కొరికి, పెదవులు కాలి పొక్కులతో వచ్చే పిల్లలను ప్రతి వేసవిలోనూ చూస్తున్నాం. పిక్క తొక్కలోని నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. కొందరికి ఆ రోజు ఏమీ కనిపించదు, ఒకటి రెండు రోజులకు పొక్కులు లేస్తాయి. పిక్కలు కాల్చేటప్పుడు వచ్చే పొగ కూడా మంచిది కాదు, పిల్లలను దూరంగా ఉంచండి. నూనె అంటితే వెంటనే సబ్బుతో, ఎక్కువ నీటితో కడగండి. సున్నం, టూత్‌పేస్టు రాయవద్దు, పొక్కులు చిదమవద్దు. కంట్లో పడితే పావుగంట సేపు మంచినీళ్లు ధారగా పోస్తూ కడిగి, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి.