దీపానికి మడవ ఎక్కడ కట్టాలి?



మన హాస్టల్లో చిన్న తరగతుల పిల్లలు సాయంత్రం అన్నం తిన్నాక నీళ్లు తాగరు. తాగితే రాత్రి బాత్‌రూంకు పోవాలి. దారంతా చీకటి. వానాకాలం కరెంటు పోతే మరీ భయం. నేనూ 5వ తరగతిలో అలాగే దాహంతో పడుకునేదాన్ని. అందుకని ఈసారి సైన్స్ ఫేర్‌కు మనిషి వస్తే వెలిగి, పోతే ఆరే దీపం చేద్దామనుకున్నాను. మూడుసార్లు తప్పు చేశాను. ఆ తప్పులు మీరు చెయ్యకూడదని ఈ వ్యాసం రాస్తున్నాను.

నా దగ్గర ఉన్న సామాను: 12 వోల్టుల సోలార్ బ్యాటరీ, బైకు ఇండికేటర్ బల్బు (12 వోల్టులు, 10 వాట్లు), పీఐఆర్ సెన్సార్ ఒకటి, మాస్‌ఫెట్ ఒకటి. మనిషి ఒంటి వేడి నుంచి వచ్చే పరారుణ కిరణాలను సెన్సార్ పసిగడుతుంది. కానీ అది ఇచ్చేది 3.3 వోల్టులే, బల్బును వెలిగించే బలం దానికి లేదు. ఆ పని మాస్‌ఫెట్ చెయ్యాలి.

మాస్‌ఫెట్ అంటే ఏమిటి?

ఇది చెయ్యి పెట్టకుండా పనిచేసే స్విచ్. 1959లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మొహమ్మద్ అటల్లా, డావన్ కాంగ్ అనే ఇద్దరు దీన్ని తయారు చేశారు. దీనికి మూడు కాళ్లు: గేటు, డ్రెయిన్, సోర్సు. గేటుకూ సోర్సుకూ మధ్య వోల్టేజి తేడా ఉంటే దారి తెరుచుకుంటుంది, లేకపోతే మూసుకుంటుంది. తేడా అన్న మాట బాగా గుర్తు పెట్టుకోండి. నా తప్పుల్లో ఒకటి అక్కడే జరిగింది.

మొదటి తప్పు: మైనస్ వైపు పెట్టాను

బైకు బల్బు హోల్డర్ ఇనుపది. దాని ఒళ్లే మైనస్. దాన్ని ఇనుప స్తంభానికి బిగించాం. బ్యాటరీ మైనస్ తీగ కూడా ఆ స్తంభానికే కట్టి ఉంది. నేను మైనస్ తీగ మధ్యలో మాస్‌ఫెట్ పెట్టాను. బల్బు ఆరనే లేదు! మాస్‌ఫెట్ మూసుకున్నా కరెంటు స్తంభం గుండా తిరిగి వెళ్లిపోతోంది.

ఇది మా అమ్మకు చెప్పాను. అమ్మ బడికి పోలేదు. అయినా వెంటనే అర్థం చేసుకుంది. "కాలవకు మడవ కింద కడితే నీళ్లు కాలవ నిండా ఉంటాయి కదే, ఎండ్రకాయ బొక్క ఉంటే అందులోంచి పోతాయి. పైన కట్టాలి" అంది. అంతే. ప్లస్ వైపు మడవ కట్టడాన్నే హై సైడ్ స్విచింగ్ అంటారు. బైకుల్లో కూడా బ్యాటరీ మైనస్ చట్రానికి కలిపి ఉంటుంది కాబట్టి లైటు స్విచ్ ప్లస్ దారిలో పెడతారు.

రెండో తప్పు: ఎన్ రకం వాడాను

నా దగ్గర ఉన్నది ఐఆర్‌ఎఫ్ 540ఎన్. అది ఎన్ ఛానెల్ రకం. దాన్ని ప్లస్ వైపు పెట్టి, గేటుకు 12 వోల్టులు ఇచ్చాను. బల్బు ఎర్రగా, గుడ్డిగా వెలిగింది. మాస్‌ఫెట్‌ను ముట్టుకుంటే వేలు చుర్రుమంది.

ఎందుకు? ఎన్ రకం తెరుచుకోవాలంటే గేటు సోర్సు కన్నా పైన ఉండాలి. ప్లస్ వైపు పెట్టినప్పుడు సోర్సు బల్బుకు కలుస్తుంది. బల్బు వెలిగే కొద్దీ సోర్సు కూడా పైకి లేస్తుంది. తేడా తగ్గిపోయి దారి సగమే తెరుచుకుంటుంది. మీటరు పెట్టి చూస్తే బల్బుకు సుమారు 8 వోల్టులే అందుతున్నాయి. మిగతా 4 వోల్టులు మాస్‌ఫెట్ తినేసి, రెండున్నర వాట్లకు పైగా వేడి చేస్తోంది.

ప్లస్ వైపు సులువైనది పీ ఛానెల్ రకం. దాని సోర్సు బ్యాటరీ ప్లస్‌కే కట్టి ఉంటుంది, కదలదు. గేటును కిందికి లాగితే తెరుచుకుంటుంది. కొట్లో ఐఆర్‌ఎఫ్ 9540ఎన్ అని అడగండి. ముందున్న ఆ 9 మర్చిపోతే నాకిచ్చినదే మీకూ ఇస్తారు. పూర్తిగా తెరుచుకున్నప్పుడు దీని నిరోధం 0.117 ఓమ్ మాత్రమే. మన బల్బుకు వేడి 0.08 వాట్ దాకా వస్తుంది. ముట్టుకుంటే చల్లగానే ఉంటుంది.

మూడో తప్పు: కాళ్లు తారుమారు చేశాను

పీ రకం తెచ్చాక సోర్సు, డ్రెయిన్ అటూ ఇటూ కట్టాను. మళ్లీ బల్బు ఆరలేదు. మాస్‌ఫెట్ లోపల ఒక డయోడ్ కూడా ఉంటుందట. తిరగేసి కడితే కరెంటు దాని గుండా పోతూనే ఉంటుంది.

సరిగ్గా కట్టే పద్ధతి (పక్కన బొమ్మ చూడండి)

1. అక్షరాలు మన వైపు, కాళ్లు కిందికి పెడితే ఎడమది గేటు, మధ్యది డ్రెయిన్, కుడిది సోర్సు.
2. బ్యాటరీ ప్లస్ నుంచి 3 ఆంపియర్ల ఫ్యూజు, అక్కడి నుంచి సోర్సు. డ్రెయిన్ నుంచి బల్బు ప్లస్.
3. గేటుకూ సోర్సుకూ మధ్య 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్. ఎవరూ లేనప్పుడు దారి మూసి ఉంచేది ఇదే.
4. బీసీ 547 ట్రాన్సిస్టర్ కలెక్టరును 1 కిలో ఓమ్ గుండా గేటుకు, ఎమిటరును మైనస్‌కు కలపాలి.
5. సెన్సార్ అవుట్‌పుట్ నుంచి 10 కిలో ఓమ్‌ల గుండా బేసుకు. సెన్సార్ ప్లస్ ఫ్యూజు తర్వాత, మైనస్ బ్యాటరీ మైనస్‌కు.

మనిషి వస్తే సెన్సార్ బీసీ 547ను తెరుస్తుంది. అది గేటును కిందికి లాగుతుంది. దీపం వెలుగుతుంది. సెన్సార్‌ను నేరుగా గేటుకు కలపొద్దు. 3.3 వోల్టులు వచ్చినా గేటు సోర్సు కన్నా 8 వోల్టులకు పైగా కిందే ఉంటుంది, దీపం ఆరదు. పైగా 12 వోల్టుల వైపు నుంచి కరెంటు వెనక్కి పోయి సెన్సార్ పాడవ్వచ్చు.

జాగ్రత్తలు

గేటుకూ సోర్సుకూ మధ్య 20 వోల్టులు దాటకూడదు, కాబట్టి 24 వోల్టుల బ్యాటరీకి ఇదే పద్ధతి పనికిరాదు. మాస్‌ఫెట్ వీపు మీది రేకు డ్రెయినే, అది ఇనుప స్తంభానికి తగలకూడదు. బల్బు బదులు మోటారు పెడితే దానికి అడ్డంగా 1ఎన్ 4007 డయోడ్, గీత ఉన్న వైపు ప్లస్‌కు కట్టాలి. గోడలోని 230 వోల్టుల కరెంటుతో ఇలాంటివి ఎప్పుడూ చెయ్యకండి, ప్రాణం పోతుంది.

దీపం ఇప్పుడు బాత్‌రూం దారిలో మొదటి స్తంభానికి ఉంది. నిన్న రాత్రి 3వ తరగతి చెల్లి ఒకతి ఒంటరిగా వెళ్లొచ్చి, బిందె దగ్గర గ్లాసెడు నీళ్లు తాగి పడుకుంది. మలుపు దగ్గర మాత్రం ఇంకా చీకటే. మేడమ్ గారు అనుమతి ఇస్తే రెండో దీపం కూడా కడతాను. ఈసారి తప్పు లేకుండా కడతాను.

ఇట్లు
మీ తోటి విద్యార్థిని,
9వ తరగతి