సారు ఫోను భద్రమేనా?

తరగతి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే ఒక ఫైలు వచ్చి పడుతుంది. పైన ట్రాఫిక్ చలానా అనో, బ్యాంకు కేవైసీ అనో ఉంటుంది. పేరు చివర ‘ఏపీకే’ అని ఉంటుంది, అంటే ఆండ్రాయిడ్ యాప్ ఫైలు. పంపిన నంబరు ఇంటర్న్‌షిప్‌కు వచ్చిన బీఈడీ సారుది. సారు మాత్రం పంపలేదు. ముందురోజు రాత్రి అలాంటి ఫైలునే తన ఫోనులో నొక్కాడు. తెలియని యాప్‌కు అనుమతి అడిగితే సరే అన్నాడు, మెసేజ్‌లు చదువుకోనిమ్మంటే దానికీ సరే అన్నాడు. ఓటీపీలు దొంగల చేతికి పోయాయి, వాటితోపాటు వాట్సాప్ ఖాతా కూడా. ఏపీకే మోసం బడి గడప తొక్కితే జరిగేది ఇదే. ఆ గ్రూపులో ఉన్నది భవన నిర్మాణ కూలీలు, వాచ్‌మెన్లు, అపార్ట్‌మెంట్లలో పనిచేసే అమ్మలు. సారు పంపాడంటే తెరవకుండా ఉంటారా?

ఇది జరిగేది సాంకేతికతకు పేరుపడ్డ హైదరాబాద్‌లో. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయి ఇక్కడి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 2003లో ఈ ప్రాంతానికి సైబరాబాద్ పేరుతో ప్రత్యేక పోలీసు కమిషనరేటే వచ్చింది. 2025 జూన్‌లో గూగుల్ తన సేఫ్టీ ఇంజినీరింగ్ సెంటర్‌ను హైదరాబాద్‌లో తెరిచింది. ఆసియా పసిఫిక్‌లో అదే మొదటిది. ప్రపంచానికి డిజిటల్ కాపలా కాసే ఇంజినీర్లు ఇక్కడే కూర్చుని పనిచేస్తున్నారు. ఆ అద్దాల మేడలకు కూతవేటు దూరంలో ఉన్న ప్రభుత్వ బడికి పాఠం చెప్పడానికి వెళ్లే ఛాత్రోపాధ్యాయుడికి తన ఫోనును కాపాడుకోవడం నేర్పే బాధ్యత మాత్రం ఎవరూ గట్టిగా తీసుకోలేదు.

ఆ ఫోనులో ఏముంటుందో చూడండి. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, ఆధార్ నంబర్లు, తండ్రి ఫోను నంబరు ఉన్న ఎక్సెల్ షీటు. తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ముఖ గుర్తింపు హాజరు వచ్చాక ఫోను కెమెరా ముందు పిల్లల ముఖాలు కూడా. అంత సమాచారం చేతిలో ఉన్న మనిషికి అజాగ్రత్త చిన్న తప్పు కాదు.

పెద్ద వ్యవస్థలే జారిపోయిన సందర్భాలున్నాయి. కేంద్రం 2017లో తెచ్చిన ఆన్‌లైన్ విద్యా వేదిక దీక్షకు చెందిన సమాచారం రక్షణ లేని క్లౌడ్ సర్వర్‌లో ఏడాదికి పైగా పడి ఉందని 2023 జనవరిలో వైర్డ్ పత్రిక బయటపెట్టింది. అందులో పది లక్షల మందికి పైగా ఉపాధ్యాయుల పేర్లు, ఫోను నంబర్లు, ఈమెయిళ్లు ఉన్నాయి. అదే ఏడాది పార్లమెంటు వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేసింది. దాని ప్రకారం 18 ఏళ్లలోపు వాళ్లంతా పిల్లలే.

జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనలతో బీఈడీ రెండేళ్ల కోర్సయింది. బడిలో గడపాల్సిన కాలం 20 వారాలకు పెరిగింది. సమాచార, ప్రసార సాంకేతికత (ఐసీటీ) కూడా పాఠ్యాంశమే. కానీ స్లైడ్లు చేయడం, వీడియో పాఠం చూపించడం నేర్చినంత మాత్రాన పని అయిపోదు. భద్రతను థియరీగా చెప్పి అయిదు మార్కుల ప్రశ్నతో సరిపెడితే ఎవరికీ ఉపయోగం లేదు. లెసన్ ప్లాన్‌ను ఎలా పరిశీలిస్తారో, ఫోనునూ అలాగే ముందు పెట్టించి చూడాలి: రెండంచెల ధ్రువీకరణ పెట్టాడా, బడి కంప్యూటర్‌లో మెయిల్ తెరిచి లాగౌట్ చేశాడా, పని అయ్యాక ఆధార్ షీటును తీసేశాడా, పిల్లల ఫొటోలను పేర్లతో సహా స్టేటస్‌లో పెట్టాడా.

వీటన్నిటికంటే కష్టమైన పరీక్ష ఇంకొకటుంది. తొమ్మిదో తరగతి అమ్మాయి విరామంలో వచ్చి, తన ఫొటోను మార్ఫింగ్ చేసి ఎవరో పంపుతున్నారని ఏడుస్తుంది. ఇరవై రెండేళ్ల ఛాత్రోపాధ్యాయురాలు ఆ క్షణంలో ఏం చేయాలి? ‘నువ్వెందుకు ఫొటో పెట్టావ్?’ అని మాత్రం అడగకూడదు. ఆధారం కోసమని ఆ బొమ్మను స్టాఫ్ గ్రూపులో అసలే పంపకూడదు. పిల్లల అశ్లీల చిత్రాలను అలా పంపితే ఐటీ చట్టం 67బి సెక్షన్ మెడకు చుట్టుకోవచ్చు. ప్రధానోపాధ్యాయుడికి చెప్పి ఊరుకోవడమూ చాలదు. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోతే పోక్సో చట్టం కింద శిక్ష ఉంది. పిల్లను కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, నీ తప్పు లేదని చెప్పి, తల్లిదండ్రులను పిలిపించాలి. పోలీసులకు, మహిళల భద్రత చూసే షీ టీమ్స్‌కు, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి కబురు చేయాలి. ఈ వరస ముందే సాధన చేసి ఉంటేనే ఆ గదిలో గొంతు వణకదు. ఇంటర్న్‌షిప్‌కు పంపేముందు కళాశాలలో ఒక పూట దీన్ని నటించి చూపించమని నేను పట్టుబడతాను.

సాయం చేసేవాళ్లు లేక కాదు. తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఇక్కడే ఉంది. సమాచార భద్రతపై అవగాహన కల్పించే జాతీయ కార్యక్రమాన్ని నడిపే సీడాక్ హైదరాబాద్ కూడా ఇక్కడే ఉంది. ఉపాధ్యాయ శిక్షణ ఇచ్చే మాసబ్‌ట్యాంక్‌లోని ఐఏఎస్‌ఈ, జిల్లాల్లోని డైట్లు వీళ్లను పిలిచి ఏటా శిక్షణ పెట్టించాలి. మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల్లో పనిచేసే తెలుగు ఇంజినీర్లు తమ దగ్గర్లోని బీఈడీ కళాశాలకు వెళ్లి ఒక శనివారం ఇవ్వాలి. విశ్వవిద్యాలయాలు, ఎస్సీఈఆర్టీ ఈ శిక్షణను ఇంటర్న్‌షిప్ మార్కుల్లో చేర్చాలి.

ఇది చదువుతున్న ఛాత్రోపాధ్యాయులారా, ఇవాళే వాట్సాప్ సెట్టింగ్స్‌లో అకౌంట్‌లోకి వెళ్లి టూ స్టెప్ వెరిఫికేషన్‌కు ఆరంకెల పిన్ పెట్టుకోండి. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ నంబరును రేపు మీ తరగతి నల్లబల్ల మీద రాసి, పిల్లలతో ఇంటి దగ్గర కూడా రాయించండి.